ప్రీ-మెడ్ దరఖాస్తు: 640 మందిలో 41వ ర్యాంకుకు అవకాశం ఎంత?

నమస్కారం. మీరు రాసిన వివరాలను రెండుసార్లు చదివాను. ఇదే స్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రులు కూడా దీన్ని చదవవచ్చు కాబట్టి ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ కుటుంబం డాలస్ శివారులో ఉంటోంది. డాక్టరు కావాలనుకుంటున్న మీ అమ్మాయి ఆగస్టులో పన్నెండో తరగతిలో అడుగుపెడుతుంది. 640 మంది ఉన్న తరగతిలో ఆమె ర్యాంకు 41, కఠినమైన కోర్సులకు ఇచ్చే వెయిటేజీ కలపని సగటు గ్రేడ్, అంటే జీపీఏ, 4కి 3.93, కళాశాల ప్రవేశ పరీక్ష అయిన శాట్‌లో స్కోరు 1600కి 1490. బడి ముగిసేనాటికి బడిలోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు పదకొండు, స్థానిక కమ్యూనిటీ కాలేజీ ద్వారా బడికీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులు నాలుగు పూర్తవుతాయి. వైద్య రంగం మీద ఆసక్తి ఉన్న బడి పిల్లల సంఘమైన హోసా క్లబ్బు, ఆసుపత్రిలో 110 గంటల స్వచ్ఛంద సేవ, కూచిపూడి రంగప్రవేశం, డబ్బు కట్టి చేరిన ఒక వేసవి రీసెర్చ్ కార్యక్రమం ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్, డ్యూక్, రైస్, యూటీ ఆస్టిన్, టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్, వీటితో పాటు డిగ్రీకీ వైద్య విద్యకూ ఒకేసారి సీటు ఇచ్చే కొన్ని బీఎస్-ఎండీ కార్యక్రమాలు ఆమె జాబితాలో ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఎంత శాతం అవకాశం ఉందో చెప్పమన్నారు. ఉత్తరం చివరి వాక్యంలో, మాట వరసకు అన్నట్టుగా, అమ్మాయి హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉందనీ, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నామనీ, వచ్చే మార్చికి ఆమెకు పద్దెనిమిది నిండుతాయనీ రాశారు.

టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, వైద్య విద్యకు వెళ్లదలచిన విద్యార్థులకు సలహా ఇచ్చే విభాగంలో నేను పదమూడేళ్లు పనిచేశాను. అంతకుముందు గుంటూరులో బైపీసీ చదివి ఎంసెట్ రాసినవాడిని కాబట్టి మీ ప్రశ్న వెనుక ఉన్న లెక్క నాకు బాగా తెలుసు. నిరుడు ఈ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగిపోయాయో చూసుకుని, మన ర్యాంకు దానికి ఎగువన ఉందో దిగువన ఉందో సరిచూసుకుంటే సగం సంగతి తేలిపోయేది. ఇక్కడ అలాంటి ఆఖరి ర్యాంకు ఉండదు. అంతేకాక మీరు ఒక్కటిగా అడిగిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. డిగ్రీ కాలేజీలో సీటు వస్తుందా అన్నది మొదటిది. అక్కడ నాలుగేళ్లు చదివాక వైద్య కళాశాలలో సీటు వస్తుందా అన్నది రెండోది. మొదటి ద్వారం దగ్గర గొప్పగా కనిపించే ఎంపికే రెండో ద్వారం దగ్గర కాళ్లకు అడ్డం పడటం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల కాలేజీ పేరు పక్కన శాతం రాసి ఇస్తే మీకు మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

మీరు చివర రాసిన వాక్యంతో నేను మొదలుపెడతాను. వచ్చే మార్చిలో పద్దెనిమిది నిండితే, డిగ్రీ మూడో సంవత్సరం వసంతకాలపు సెమిస్టరులో ఆమెకు ఇరవై ఒకటి నిండుతాయి. హెచ్-4 అక్కడితో ముగుస్తుంది. టెక్సాస్ వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తు అయిన టీఎండీఎస్ఏఎస్ ఏటా మే నెలలో తెరుచుకుంటుంది. నాలుగేళ్లలో డిగ్రీ ముగించి మధ్యలో ఖాళీ సంవత్సరం లేకుండా వైద్య కళాశాలలో చేరదలచిన విద్యార్థి దరఖాస్తు చేయవలసింది సరిగ్గా ఆ మూడో సంవత్సరం చివరనే. అంటే దరఖాస్తు తెరుచుకోవడానికి రెండు నెలల ముందు ఆమె విద్యార్థులకు ఇచ్చే ఎఫ్-1 వీసాకు మారి, అనేక కాలేజీల దృష్టిలో విదేశీ విద్యార్థి అయిపోయే అవకాశం ఉంది. అమెరికా వైద్య కళాశాలల్లో చాలా వాటికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. వీసా మీద ఉన్నవారిని తీసుకునేవి కొన్నే, వాటిలోనూ కొన్ని నాలుగేళ్ల ఫీజుకు సరిపడే డబ్బును ముందే చూపమంటాయి. ఏ కళాశాల ఎవరిని తీసుకుంటుందో వైద్య కళాశాలల సంఘమైన ఏఏఎంసీ నిర్వహించే ఎంఎస్ఏఆర్ అనే పట్టికలో ఉంటుంది. కొద్దిపాటి రుసుము కట్టి దాన్ని ఇప్పుడే చూడండి. గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని తేల్చే ప్రయారిటీ తేదీని, గ్రీన్‌కార్డు ఆలస్యమైనప్పుడు పిల్లల వయసు విషయంలో కొంత రక్షణ ఇచ్చే చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం అమ్మాయి వయసును ఎలా లెక్కిస్తారన్న విషయాన్ని ఇమిగ్రేషన్ లాయరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. ఈ లెక్క తేలకుండా హాప్కిన్స్‌లో అవకాశం ఆరు శాతమా ఎనిమిది శాతమా అని చర్చించడం నేల విడిచి సాము చేయడమే.

దీనికి తోడుగా మరో చిక్కు ఉంది, తల్లిదండ్రులు సాధారణంగా దీన్ని గమనించరు. ఇక్కడ ప్రీ-మెడ్ విద్యార్థులు, అంటే వైద్య విద్యకు సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థులు, చాలామంది వైద్యుడి పక్కన కూర్చుని వివరాలు నమోదుచేసే స్క్రైబుగానో, అంబులెన్సులో ఈఎంటీగానో, క్లినిక్కులో మెడికల్ అసిస్టెంటుగానో జీతానికి పనిచేసి రోగుల మధ్య గడిపిన గంటలను కూడగట్టుకుంటారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయడానికి వీల్లేదు. అందువల్ల ఆమె అనుభవమంతా స్వచ్ఛంద సేవ ద్వారానే రావాలి. దానికి ఇంటి దగ్గరగానో, కళాశాల దగ్గరగానో పెద్ద ఆసుపత్రి ఉండటం మిగతావారికంటే ఆమెకు ఎక్కువ అవసరం. కళాశాల ఎంపికలో దీనికి స్కోర్లతో సమానమైన బరువు ఇవ్వాలి.

ఇక ర్యాంకు సంగతి. టెక్సాస్ ఉన్నత పాఠశాలల్లో తరగతిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు నేరుగా ప్రవేశం ఇవ్వాలని 1997లో చట్టం చేశారు. యూటీ ఆస్టిన్‌కు మాత్రం తర్వాత మినహాయింపు దొరికింది. టెక్సాస్ విద్యార్థులకు కేటాయించిన సీట్లలో 75 శాతాన్ని ఈ పద్ధతిలో నింపి, మిగతావాటిని దరఖాస్తు మొత్తం చదివి ఇవ్వడం అక్కడి విధానం. కొన్నేళ్లపాటు అక్కడి హద్దు 6 శాతంగా ఉండేది. 2026 శరదృతువులో చేరేవారి నుంచి దాన్ని 5 శాతానికి దించారు. 640 మందిలో 5 శాతమంటే 32 మంది, 6 శాతమంటే 38 మంది. మీ అమ్మాయి 41. పాత హద్దు ప్రకారం చూసినా ఆమె మూడు స్థానాలు బయటే ఉంది, అందువల్ల హద్దు మారకపోయి ఉంటే సీటు వచ్చేదని బాధపడవలసిన పని లేదు. అదే 10 శాతమంటే 64 మంది. ఏ అండ్ ఎం, యూటీ డాలస్‌లలో ఆమె ప్రవేశం గడువులోగా దరఖాస్తు పూర్తిచేస్తే ఖాయం. మీరు శాతం అడిగిన జాబితాలో వీటి పక్కన మాత్రం నిస్సంకోచంగా నూరు రాసుకోవచ్చు. కాకపోతే విశ్వవిద్యాలయంలో ప్రవేశం ఖాయమైనంత మాత్రాన కోరుకున్న మేజర్ (డిగ్రీలో ప్రధాన విషయం) కూడా ఖాయం కాదని గుర్తుంచుకోవాలి.

యూటీ ఆస్టిన్‌లో ఆమె పోటీపడవలసింది మిగిలిన ఆ పాతిక శాతం సీట్ల కోసం. అక్కడ ఆమె పక్కన నిలబడేవారు కూడా ఇలాంటి పెద్ద శివారు బడుల్లో రెండు మూడు స్థానాల తేడాతో హద్దు దాటలేకపోయిన పిల్లలే. ఈ బడులలో నలభయ్యవ ర్యాంకు విద్యార్థి చిన్న పట్టణంలోని బడిలో మొదటి ర్యాంకు వచ్చేవాడే అని మన తల్లిదండ్రులు అంటూ ఉంటారు. అది నిజమే కావచ్చు, దరఖాస్తులు చదివేవారికీ ఆ సంగతి తెలుసు. కౌన్సెలరు పంపే స్కూల్ ప్రొఫైల్‌లో బడి స్థాయి ఏమిటో, ఎన్ని కఠినమైన కోర్సులు అందుబాటులో ఉన్నాయో అన్నీ ఉంటాయి. అయినా పోటీ తగ్గదు. యూటీ ఆస్టిన్ మళ్లీ శాట్ లేదా యాక్ట్ స్కోరు తప్పనిసరి చేసింది కాబట్టి 1490 పంపవలసిందే. నేచురల్ సైన్సెస్ విభాగానికి అది చెడ్డ స్కోరు కాదు. ఆస్టిన్‌లో వచ్చినా రాకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేని స్థితిలో ఆమె ఉందని నా అంచనా. ముందస్తు దరఖాస్తుకు అక్టోబరు 15 గడువు, దాన్ని మాత్రం జారవిడుచుకోవద్దు.

హాప్కిన్స్, డ్యూక్, రైస్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఇవి నూటికి తొంభై మందికి పైగా తిప్పి పంపే సంస్థలు. హాప్కిన్స్ వంటి చోట చేరినవారిలో స్కోరు పంపినవాళ్లను తీసుకుంటే 1490 దిగువ పాతిక శాతంలోకి వస్తుంది. స్కోరు పెంచుకుంటే ప్రయోజనం ఉంటుందా అంటే ఉంటుంది గానీ, 1540 వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదు, తట్టే అర్హత మాత్రం దక్కుతుంది. రైస్ హ్యూస్టన్‌లో టెక్సాస్ మెడికల్ సెంటర్‌కు ఎదురుగా ఉంది కాబట్టి మూడింటిలో ఒక్కదానికే ముందస్తు నిబద్ధతతో దరఖాస్తు చేయాలంటే నేను దాన్నే ఎంచుకుంటాను. అయితే ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరి తీరాలన్న ఒప్పందం. వీసా మీద ఉన్నవారికి ఆర్థిక సహాయం ఎలా ఇస్తారో ఆ సంస్థనే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోకుండా అలాంటి ఒప్పందం మీద సంతకం చేయకండి.

చాలా కళాశాలలు ఏటా ప్రకటించే కామన్ డేటా సెట్ అనే పత్రం ఉంటుంది. అందులో సీ7 అనే పట్టిక తెరిచి చూడండి. కోర్సుల కఠినత్వం, ర్యాంకు, జీపీఏ, వ్యాసం, సిఫారసు లేఖ, దరఖాస్తుదారు చూపే ఆసక్తి వంటి అంశాలకు ఎంతెంత ప్రాధాన్యం ఇస్తారో ఆ సంస్థే అందులో గుర్తు పెట్టి చెబుతుంది. కోచింగు సంస్థల వాళ్లు డబ్బు తీసుకుని చెప్పే సమాచారంలో సగం అక్కడ ఉచితంగా దొరుకుతుంది. దానికంటే విలువైనది మీ బడి కౌన్సెలరు దగ్గర ఉండే లెక్క. గత మూడు నాలుగేళ్లలో అదే బడి నుంచి అదే కళాశాలకు ఎంతమంది వెళ్లారో, వారి ర్యాంకులూ స్కోర్లూ ఎక్కడ ఉన్నాయో పేర్లు లేకుండా చుక్కలుగా గీసిన పటం ఉంటుంది. దేశం మొత్తం సగటు కంటే ఆ చుక్కలను నేను ఎక్కువ నమ్ముతాను.

బీఎస్-ఎండీ కార్యక్రమాల మీద మన వాళ్లకు ఉన్న మోజు నాకు అర్థమవుతుంది. ఇంటర్ తర్వాత నేరుగా ఎంబీబీఎస్‌లో చేరడం చూసినవారికి ఇదొక్కటే తెలిసిన దారిలా అనిపిస్తుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ శాఖలో 1971 నుంచి నడుస్తున్న ఆరేళ్ల కార్యక్రమం, బ్రౌన్‌లోని ఎనిమిదేళ్ల పీఎల్ఎంఈ వీటిలో బాగా తెలిసినవి, ఈ రెండింటిలోనూ వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్ అవసరం లేదు. కానీ బ్రౌన్ కార్యక్రమంలో ప్రవేశం మామూలు బ్రౌన్ ప్రవేశం కంటే కష్టం. ఇలాంటి కార్యక్రమాల్లో చాలా వాటికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలన్న నియమం ఉంటుంది. కొన్నింటిలో కనీస జీపీఏ నిలబెట్టుకోలేకపోయినా, కొన్నింటిలో ఎంక్యాట్ కనీస స్కోరు రాకపోయినా ఇచ్చిన సీటును వెనక్కి తీసుకుంటారు. మీ జాబితాలోని ఒక్కొక్కదాని అర్హతల పేజీ తెరిచి, వీసా విషయం చూశాక మిగిలినవి ఉంటే రెండింటికి మించకుండా దరఖాస్తు చేయించండి. వీటి వ్యాసాల కోసం పన్నెండో తరగతి మొదటి సెమిస్టరంతా ఖర్చుపెట్టి గ్రేడ్లు జార్చుకున్న పిల్లలను చూశాను.

ఇప్పుడు రెండో ద్వారం దగ్గరికి వద్దాం. ప్రీ-మెడ్ అనేది కోర్సు కాదు, మేజర్ కూడా కాదు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు వంటివి పూర్తిచేసి, ఎంక్యాట్ రాసి, ఏ మేజర్ నుంచైనా దరఖాస్తు చేయవచ్చు. ఏటా యాభై వేలకు పైగా విద్యార్థులు ఎండీ (ఇక్కడ ఇదే మొదటి వైద్య పట్టా) కళాశాలలకు దరఖాస్తు చేస్తే సుమారు ఇరవై మూడు వేల మంది చేరుతున్నారు. చేరినవారి సగటు జీపీఏ 3.8కి దగ్గరగా, ఎంక్యాట్ 528కి సుమారు 512గా ఉంటోంది. జీపీఏ 3.8 లేదా ఆపైన, ఎంక్యాట్ 517 దాటినవారిలో సైతం పదిమందిలో ఎనిమిది మందికి కాస్త పైగానే సీటు దొరుకుతుంది. మిగతావారు అంత మంచి అంకెలతోనూ ఖాళీ చేతులతో తిరిగివస్తారు. టెక్సాస్‌లో చదవడం వల్ల ఒక లాభం ఉంది. ఇక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలు కనీసం 90 శాతం సీట్లను రాష్ట్రవాసులకే ఇవ్వాలని చట్టం చెబుతోంది. ట్యూషన్ కూడా దేశంలోని చాలా కళాశాలల కంటే తక్కువ. డిగ్రీకి వేరే రాష్ట్రం వెళ్లినా తల్లిదండ్రులు ఇక్కడే ఉంటే రాష్ట్రవాసి హోదా సాధారణంగా నిలుస్తుంది గానీ, వీసా మారినప్పుడు అది ఏమవుతుందో టీఎండీఎస్ఏఎస్ వారినే అడిగి తెలుసుకోవాలి.

మీరు రాసిన నాలుగు డ్యూయల్ క్రెడిట్ కోర్సుల దగ్గర నేను ఆగిపోయాను. అవి బడిలో కూర్చుని చదివినా కమ్యూనిటీ కాలేజీ కోర్సులే. వాటి గ్రేడ్లు ఆ కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం, అంటే ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటాయి. వైద్య కళాశాలల దరఖాస్తులో ఇప్పటిదాకా చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్టూ సమర్పించాలి. అంటే పదహారేళ్ల వయసులో, కూచిపూడి రంగప్రవేశం వారంలోనో ఫ్లూ జ్వరంలోనో వచ్చిన బీ గ్రేడ్ కూడా ఆమె వైద్య కళాశాల జీపీఏలో కలుస్తుంది. కోర్సు మళ్లీ చదివి ‘ఏ’ గ్రేడ్ తెచ్చుకున్నా పాత గ్రేడ్ చెరిగిపోదు, రెండూ లెక్కకు వస్తాయి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం గ్రేడ్లను విడిగా కలిపి సైన్స్ జీపీఏ అని మరొకటి లెక్కిస్తారు. డ్యూయల్ క్రెడిట్ కాలేజీ ఆల్జీబ్రా కూడా అందులోకి పోతుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షకు ఈ బెడద లేదు. స్కోరు ద్వారా క్రెడిట్ వస్తుంది గానీ గ్రేడ్ రాదు. కాకపోతే కొన్ని వైద్య కళాశాలలు ఆ క్రెడిట్‌తో సరిపెట్టుకోకుండా అదే విషయంలో పై స్థాయి కోర్సు అడుగుతాయి. ఆ పరీక్షలో కెమిస్ట్రీకి అత్యధిక స్కోరు 5 వచ్చిందని మొదటి సెమిస్టరులోనే ఆర్గానిక్ కెమిస్ట్రీలో కూర్చోవాలని ఉత్సాహపడే పిల్లలను నేను ఎప్పుడూ వారించేవాడిని. జనరల్ కెమిస్ట్రీని కాలేజీ స్థాయిలో మళ్లీ చదివితే కాలం వృథా అవుతుందని తల్లిదండ్రులు అంటారు. మంచి ఏ గ్రేడ్ రావడం వృథా ఎలా అవుతుంది?

నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి సంగతి చెబుతాను. తెలుగు కుటుంబమే. ఎంతో పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరాడు. సీటు వచ్చినప్పుడు తల్లిదండ్రులు బంధువులందరినీ పిలిచి విందు చేశారు. మొదటి సెమిస్టరులో మూడు వందల మంది ఉన్న కెమిస్ట్రీ తరగతిలో, సగం మందికి అంతకుముందే ఒలింపియాడ్ అనుభవం ఉన్న చోట, సగటుకు అనుగుణంగా గ్రేడ్లు ఇచ్చే పద్ధతిలో అతనికి బీ మైనస్ వచ్చింది. తర్వాత ఆర్గానిక్‌లో సీ ప్లస్. మూడో సంవత్సరం వేసవిలో సలహా కోసం నా గదికి వచ్చినప్పుడు జీపీఏ 3.31. ఎంక్యాట్ 514 వచ్చింది, అంటే తెలివితేటల కొరత కాదు. అతని ట్రాన్స్‌క్రిప్ట్ నా బల్ల మీద పరిచి, ఇదే చదువు పక్క ఊరి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివి ఉంటే ఏమయ్యేదో ఇద్దరం ఒక కాగితం మీద లెక్కవేశాం. ఆ లెక్క వేయకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. రెండేళ్లు అదనపు కోర్సులు చదివి, ఒక ల్యాబులో పనిచేసి, చివరికి ఎండీకి సమానమైన మరో వైద్య పట్టా ఇచ్చే డీఓ కళాశాలలో చేరాడు, ఇప్పుడు మంచి వైద్యుడు. ఆ రెండేళ్లకు అయిన ఖర్చు మాత్రం తల్లిదండ్రులు ఇంకా కడుతున్నారు.

గ్రేడింగు విధానం ఒక్కో సంస్థలో ఒక్కో రకంగా ఉంటుంది. ప్రిన్స్‌టన్ 2004 నుంచి 2014 దాకా ఏ గ్రేడ్లు ఇన్ని శాతానికి మించరాదన్న విధానాన్ని అధికారికంగానే పాటించి తర్వాత మానుకుంది. అలాంటి విధానం కాగితం మీద లేని చోట్ల కూడా మొదటి రెండేళ్ల సైన్సు తరగతుల్లో అది నడుస్తూనే ఉంటుంది. అందుచేత కళాశాలకు వెళ్లి చూసినప్పుడు కెమిస్ట్రీ మొదటి కోర్సులో ఎంతమందికి ‘ఏ’ గ్రేడ్ వస్తుందో, ఎంతమంది మధ్యలో మానేస్తారో అక్కడ చదువుతున్న రెండో సంవత్సరం పిల్లలను అడగండి. పర్యటన నడిపించే విద్యార్థి చెప్పడు, గ్రంథాలయం మెట్ల దగ్గర కూర్చున్నవాళ్లు చెబుతారు.

“మా విద్యార్థుల్లో 90 శాతం మందికి మెడికల్ సీటు వచ్చింది” అనే ప్రకటన కనిపిస్తే, ఆ నూరు మంది ఎవరని అడగాలి. కొన్ని సంస్థల్లో ప్రీ-మెడ్ కమిటీ సిఫారసు లేఖ ఇస్తుంది. జీపీఏ ఫలానా అంకె కంటే తక్కువ ఉన్నవారికి ఆ లేఖ ఇవ్వరు, లేదా దరఖాస్తు చేయవద్దని మెల్లగా నచ్చజెబుతారు. మొదటి సంవత్సరంలో వైద్యం చదవాలని వచ్చి, మూడో సంవత్సరానికి వదిలేసినవారు లెక్కలోకే రారు. మొదటి సంవత్సరం ప్రీ-మెడ్ విద్యార్థుల్లో ఎంతమంది చివరికి దరఖాస్తు చేశారని అడిగితే జవాబు చెప్పగలిగిన సంస్థలు బహు తక్కువ.

డబ్బు విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది కూడా అవకాశంలో భాగమే. వైద్య విద్యకు నాలుగేళ్ల ఖర్చు ప్రభుత్వ కళాశాలల్లోనే సగటున రెండున్నర లక్షల డాలర్లు దాటిపోతోంది. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి, డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణాలు ఉండవు. వృత్తి విద్యలకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల డాలర్లకు పరిమితం. గ్రీన్‌కార్డు లేకపోతే అది కూడా దొరకదు. డిగ్రీలోనే ఏడాదికి 85, 90 వేల డాలర్ల లెక్కన ఖర్చుపెట్టేస్తే అసలు చదువు వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. యూటీ డాలస్‌లో, ఏ అండ్ ఎంలో రాష్ట్రవాసులకు ట్యూషన్ ఏడాదికి సుమారు 12 నుంచి 16 వేల డాలర్ల మధ్య ఉంటుంది. యూటీ డాలస్‌కు ఇంట్లోంచి వెళ్లి చదివితే వసతి ఖర్చూ ఉండదు.

చివరిగా ఆమె దరఖాస్తు గురించి. చాలా కళాశాలలకు ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో పది కార్యకలాపాలకు చోటు ఉంటుంది, ఒక్కొక్కదాని వివరణకు 150 అక్షరాలే. మీరు జతచేసిన చిత్తుప్రతిలో ఆసుపత్రి సేవ కింద ఆమె కరుణ, నాయకత్వం, జట్టుగా పనిచేయడం నేర్చుకున్నానని రాసింది. ఆ వాక్యం ఈ దేశంలో ఏ విద్యార్థి పేరు కిందనైనా అతుకుతుంది. కానీ మీ ఉత్తరంలో మీరే ఒకచోట యథాలాపంగా రాశారు: శనివారాల్లో డయాలిసిస్ విభాగంలో రోగులకు చలి వేస్తుందని వెచ్చచేసిన దుప్పట్లు తెచ్చి ఇస్తుందనీ, ఇంగ్లీషు రాని ఇద్దరు తెలుగు పెద్దలకు భోజనం మెనూ చదివి చెబుతుందనీ. ఆ రెండు పనులనే ఉన్నవి ఉన్నట్టుగా రాయమనండి. వైద్యుడి మాటలను అనువదించానని మాత్రం పొరపాటున కూడా రాయకూడదు. అది శిక్షణ పొందిన దుబాసీల పని, చదివేవారికి ఆ సంగతి తెలుసు.

డబ్బు కట్టి చేసిన రీసెర్చ్ కార్యక్రమాన్ని జాబితాలో అడుగున పెట్టండి. అందులో ఆమె సొంతంగా చేసిన పని ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే ఉంచండి. కూచిపూడిని పైకి తీసుకురండి. పన్నెండేళ్లు ఒకే విద్యను పట్టుకుని నేర్చుకోవడం, ఆదివారాలు చిన్నపిల్లలకు అడవులు (నాట్యంలోని ప్రాథమిక అడుగులు) నేర్పడం చదివేవారి కంటికి ఆనే విషయాలు. ఎందుకో మన వాళ్లు ప్రీ-మెడ్ దరఖాస్తు అనగానే నాట్యాన్ని దాచి, తెల్లకోటు ఫొటోను ముందు పెడతారు. ఇంకో మాట. బడి రోజుల్లో చేసిన సేవ డిగ్రీ ప్రవేశానికి పనికొస్తుంది గానీ, టీఎండీఎస్ఏఎస్‌లో ఉన్నత పాఠశాల ముగిసిన తర్వాతి కార్యకలాపాలనే అడుగుతారు. కాబట్టి ఇప్పుడు గంటలను 110 నుంచి 300కు పెంచడం కోసం నిద్ర మాన్పించవద్దు. ఆ గంటలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.

మీ స్థానంలో ఉంటే జాబితాను నేను ఇలా సర్దుతాను. ఏ అండ్ ఎం, యూటీ డాలస్ దరఖాస్తులను తెరిచిన వెంటనే పంపించి, మెరిట్ స్కాలర్‌షిప్‌ల గడువులను, యూటీ డాలస్‌లో ఆనర్స్ దరఖాస్తును విడిగా రాసిపెట్టుకుంటాను. యూటీ ఆస్టిన్ అక్టోబరు 15లోగా పంపిస్తాను. హాప్కిన్స్, డ్యూక్‌లలో ఒకదాన్ని తీసేసి, రైస్‌ను ఉంచుతాను. నా పెద్ద కూతురైతే, ఆస్టిన్‌లో సీటు వచ్చినా యూటీ డాలస్ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తే డాలస్‌కే పంపేవాడిని. దీనికి మీ ఇంట్లో ఒప్పుకోరని నాకు తెలుసు.

మీరు తిరిగి రాసేటప్పుడు రెండు విషయాలు తప్పక చెప్పండి. మీ ప్రయారిటీ తేదీ ఏమిటి, నాలుగు డ్యూయల్ క్రెడిట్ కోర్సుల్లో వచ్చిన గ్రేడ్లు ఏమిటి. బడి ఇచ్చే ప్రోగ్రెస్ రిపోర్టు చూసి కాకుండా, కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించి అందులో ఉన్నవే రాయండి. బడి వెయిటేజీ కలిపి చూపే అంకెకూ, కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండే అక్షరానికీ తేడా ఉండటం తరచుగా చూశాను. అవి తెలిస్తే ఆమె డిగ్రీలో ఏ జీపీఏతో మొదలవుతుందో లెక్కవేసి, బీఎస్-ఎండీ కార్యక్రమాల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పగలను.